చవక రెజిన్ కిట్ కొనేవాళ్లు ముందు సీసా మీద లేబుల్ చూడండి

రెజిన్ (ద్రవంగా పోస్తే తర్వాత ప్లాస్టిక్‌లా గట్టిపడేది) కీచైన్లు చేద్దామని కిట్ల కోసం వెతుకుతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. డబ్బు పోయిన సంగతి నేను మర్చిపోగలను. చేతులకు వచ్చింది మాత్రం అంత తేలిగ్గా పోయేది కాదు.

సెమిస్టర్ ఆఖరి పరీక్ష రాసి వచ్చిన రోజే ఆర్డర్ పెట్టాను. నెలల తరబడి రికార్డులు, అసైన్‌మెంట్లే సరిపోయాయి, సెలవుల్లోనైనా చేతులతో ఏదో ఒకటి చేయాలనిపించింది. పుస్తకాల మధ్య ఎండబెట్టిన పూలు బోలెడు ఉన్నాయి. వాటి మీద రెజిన్ పోసి కీచైన్లు చేసి స్నేహితులకు ఇద్దామనుకున్నాను. ఉన్నది పాకెట్ మనీయే కాబట్టి అన్నిటికన్నా చవకైన కిట్ ఎంచుకున్నాను. ఫొటోలో మోల్డులు, గ్లిట్టర్, రంగులు, గ్లౌజులు అన్నీ కనిపించాయి. పైన పెద్దక్షరాల్లో 'నాన్ టాక్సిక్' అని కూడా ఉంది.

వచ్చిన పెట్టెలో గ్లిట్టర్‌కి లోటు లేదు. అసలు సరుకు మాత్రం రెండు చిన్న సీసాలు, ఒకటి రెజిన్, ఇంకోటి దాన్ని గట్టిపరిచే హార్డెనర్. ఒకదాని మీద ఏ, ఇంకోదాని మీద బీ అని రాసుంది, అంతే. తయారీ తేదీ లేదు, గడువు లేదు, చర్మానికి తగిలితే ఏం చేయాలో లేదు. చిన్న చీటీ మీద '2:1' అని మాత్రం ఉంది. రెండు పాళ్లు దేనికి, బరువు లెక్కనా, కొలపాత్ర లెక్కనా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. రెజిన్ సాధారణంగా హార్డెనర్ కన్నా బరువెక్కువ. 100 మిల్లీలీటర్ల రెజిన్ సుమారు 110 గ్రాములు తూగితే, హార్డెనర్ అదే కొలతకు 100 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక లెక్కలో చెప్పింది ఇంకో లెక్కలో కలిపితే పాళ్లు తప్పుతాయి.

నేను కప్పుతో కొలిచాను. ఐదు నిమిషాలు, అంచులూ అడుగూ గీకుతూ కలిపాను. 24 గంటలకు గట్టిపడాలి. 72 గంటలు ఆగినా వేలు పెడితే అంటుకుంటూనే ఉంది. అమ్మినవాళ్లకు మెసేజ్ పెడితే, 'ఈసారి హార్డెనర్ కొంచెం ఎక్కువ వేయండి' అన్నారు. దయచేసి ఈ సలహా ఎవరూ పాటించొద్దు. ఎపాక్సీలో, అంటే ఈ రకం రెజిన్‌లో, రెజిన్, హార్డెనర్ రెండూ ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడతాయి. ఎక్కువ పోసిన హార్డెనర్‌కు జతకట్టడానికి రెజిన్ మిగలదు, అది లోపల అలాగే ఉండిపోతుంది. నాకు ఇది తెలియక రెండోసారి అదే చేశాను. మొదటిదానికన్నా అధ్వానంగా వచ్చింది.

ఇక గ్లౌజులు. అవి పల్చటి పాలిథీన్ సంచుల్లాంటివి, వేళ్లకు వదులు. మోల్డు తిప్పుతుంటే బొటనవేలి దగ్గర చిరిగింది. జిగురే కదా అని తుడుచుకుని పని కానిచ్చాను. మూడో రోజుకు వేళ్ల సందుల్లో ఎర్రగా, దురద, చిన్న చిన్న పొక్కులు. అలర్జీ అన్నారు డాక్టర్. గట్టిపడని ఎపాక్సీకి ఒంట్లో ఒకసారి అలర్జీ మొదలైతే అది సాధారణంగా పోదట, తర్వాత కాస్త తగిలినా మళ్లీ వస్తుందట. అంటే ఈ పని నాకిక లేనట్టే. పరీక్షల టెన్షన్ పోయిందనుకుంటే ఇది పట్టుకుంది.

'నాన్ టాక్సిక్' అనే మాటను నమ్మకండి. పూర్తిగా గట్టిపడ్డాక రెజిన్‌తో పెద్దగా ఇబ్బంది ఉండదు. ఇబ్బందల్లా ద్రవంగా ఉన్నప్పుడే, మనం చేతులు పెట్టేదీ అప్పుడే. కొనేముందు అమ్మేవాళ్లను సేఫ్టీ డేటా షీట్ (అందులో ఏ రసాయనాలున్నాయో, ఏ జాగ్రత్తలు కావాలో చెప్పే కాగితం) అడగండి. ఇవ్వలేనివాళ్ల దగ్గర ఎంత చవకైనా వద్దు. పాళ్లు బరువు లెక్కా, కొలత లెక్కా అన్నది లేబుల్ మీదే ఉండాలి. నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లౌజులు విడిగా కొనుక్కోండి, కిటికీలు తెరిచి చేయండి. చర్మం మీద పడితే సబ్బు, నీళ్లతోనే కడగండి. థిన్నర్, అసిటోన్ లాంటివి వాడితే రెజిన్ ఇంకా లోపలికి వెళ్తుంది. అంటుకుంటున్న ముక్కలను నునుపు చేద్దామని సాండ్‌పేపర్ పెట్టకండి, ఆ పొడి కూడా మంచిది కాదు.

నేను పెట్టిన రివ్యూ తీసేస్తే సగం డబ్బు వెనక్కి ఇస్తామన్నారు అమ్మినవాళ్లు. తీయనన్నాను, ఆ తర్వాత జవాబు లేదు. పాడైపోయిన కీచైన్లు అట్టపెట్టెలో ఇంకా జిగటగానే ఉన్నాయి. మిగిలిన పూలను అట్టముక్కల మీద మామూలు గమ్‌తో అంటించి బుక్‌మార్కులు చేస్తున్నాను. ఇరవై దాకా అయ్యాయి.