పదిమంది వాడే ఆఫీసు కంప్యూటర్‌లో డిఫాల్ట్ ప్రొఫైల్: నాలుగేళ్లు వాడాక

మాది ఆడిటర్ ఆఫీసు. ముందు గదిలోని కంప్యూటర్ ఒక్కటే, దానిమీద కూర్చునేవాళ్లు మాత్రం మారుతూనే ఉంటారు. ఆర్టికల్‌షిప్ (సీఏ చదువులో భాగమైన శిక్షణ) పిల్లలు వస్తారు, పోతారు. ఎవరి అకౌంట్ వాళ్లకుండాలని మా సార్ పట్టుదల. అకౌంట్ తెరిచే పని నాది. తెరిచిన ప్రతిసారీ తేదీ అమెరికా పద్ధతిలో ఉండేది. ఒకసారి ఏప్రిల్ 3 అనుకుని ఎక్సెల్‌లో 03/04 అని కొడితే అది మార్చి 4 అయి కూర్చుంది. బిల్లులన్నీ పోయిన ఆర్థిక సంవత్సరంలో పడ్డాయి. ఆ రోజు పడ్డ టెన్షన్ వల్లే ఇదంతా నేర్చుకున్నాను.

కొత్త మనిషి మొదటిసారి లాగిన్ అయినప్పుడు విండోస్ సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద కనపడకుండా ఉండే ‘డిఫాల్ట్’ ఫోల్డర్‌కు కాపీ తీసి ఇస్తుంది. డిఫాల్ట్ ప్రొఫైల్ అంటే అదే. అందులో ఏ సెట్టింగులుంటే కొత్తవాళ్లందరికీ అవే. పాత అకౌంట్లు మాత్రం మారవు. ఈ సంగతి తెలియక ఒక పూటంతా నా అకౌంట్‌లోనే వెతుక్కున్నాను.

విండోస్ ఎక్స్‌పీలో నచ్చిన ప్రొఫైల్‌ను నేరుగా కాపీ చేసే బటన్ ఉండేది. విండోస్ 7 నుంచి అది డిఫాల్ట్ ప్రొఫైల్‌కు తప్ప పనిచేయదు. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ చెప్పే దారి సిస్‌ప్రెప్ (విండోస్‌ను చాలా కంప్యూటర్లకు ఒకేలా సిద్ధం చేసే పనిముట్టు), అందులోని కాపీప్రొఫైల్ అనే సెట్టింగు. కాలేజీ ల్యాబ్‌లో నలభై కంప్యూటర్లుంటే సరే, ఒక్కదానికి ఆ తతంగం దండగ.

నాకు బాగా పనికొచ్చింది రీజియన్ సెట్టింగ్స్. రన్‌లో ఐఎన్‌టీఎల్.సీపీఎల్ (intl.cpl) అని కొట్టి, ఫార్మాట్‌ను ఇంగ్లిష్ (ఇండియా) చేసి, తెలుగు కీబోర్డు చేర్చి, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో ‘కాపీ సెట్టింగ్స్’ నొక్కాలి. కొత్త అకౌంట్లన్నిటికీ తేదీ మన పద్ధతిలో, లక్షల దగ్గర కామాతో సహా వస్తుంది. అక్కడ రెండు టిక్కులుంటాయి: ఒకటి కొత్త అకౌంట్లకు, ఒకటి పాస్‌వర్డ్ అడిగే వెల్‌కమ్ స్క్రీన్‌కు. నేను వెల్‌కమ్ స్క్రీన్‌కు కూడా పెట్టేశాను, వరసలో తెలుగు ముందుంది. మర్నాడు పొద్దున ఎవరి పాస్‌వర్డూ పడదు! చుక్కల వెనక తెలుగక్షరాలు పడుతున్నాయని తెలిసేసరికి పదకొండయింది.

ప్రింటర్ ఇంకో తలనొప్పి. ఏ4 సైజును ‘ప్రిఫరెన్సెస్’లో పెడితే అది మనకొక్కరికే. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ కింద ‘ప్రింటింగ్ డిఫాల్ట్స్’ అని వేరే ఉంటుంది, అందరికీ వర్తించేది అదే. టాలీ షార్ట్‌కట్ లాంటివి పబ్లిక్ ఫోల్డర్‌లోని డెస్క్‌టాప్‌లో వేస్తే చాలు, ప్రొఫైల్ జోలికే పోనక్కర్లేదు.

రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) దారి కూడా వాడాను. డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఆ సెట్టింగులుండే ఎన్‌టీయూజర్.డాట్ (NTUSER.DAT) ఫైలును రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోడ్ చేసి, చివరిసారి వాడిన ప్రింటర్‌నే విండోస్ డిఫాల్ట్‌గా మార్చే అలవాటును మాన్పించాను. పని కాగానే అన్‌లోడ్ చేయాలి. నేను మరిచిపోయి టీకి వెళ్లాను. కొత్త కుర్రాడికి లాగిన్ కాలేదు. ముందుగా ఆ ఫైలుకు కాపీ తీసిపెట్టుకోండి.

పోయిన నెల ఒకమ్మాయి చేరింది. అకౌంట్ ఇచ్చిన పది నిమిషాల్లో వోచర్లు కొట్టడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మాత్రం వచ్చి, “సార్, పీడీఎఫ్‌లన్నీ ఎడ్జ్‌లోనే తెరుచుకుంటున్నాయి” అంది. ఏ ఫైలు ఎందులో తెరుచుకోవాలో కొత్త అకౌంట్లకు ముందే పెట్టడానికీ డిజమ్ (DISM) అనే విండోస్ కమాండ్ ఉంది. ఇంకా పెట్టలేదు.