ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్: నాలుగేళ్లు వాడాక

గదిలో ఇనుప కుర్చీని ముట్టుకుంటే చల్లగా తగులుతుంది. పక్కనే ఉన్న చెక్క బల్ల అలా తగలదు. రెండూ రాత్రంతా అక్కడే ఉన్నాయి. గన్ గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కితే రంగు వేసిన ఇనుము 27.4, చెక్క 27.6 చూపిస్తుంది. అంటే తేడా వస్తువుల్లో లేదు. వేలికొన సుమారు 33 డిగ్రీలుంటుంది. ఆ వేడిని ఇనుము గబగబా లాగేసుకుంటుంది, చెక్క నెమ్మదిగా తీసుకుంటుంది. చర్మానికి తెలిసేది వేడి పోతున్న వేగమే. ఇలాంటి ‘ఎందుకిలా?’లకు క్షణంలో అంకె చూపించే పరికరం ఇంట్లో ఉండాల్సిందే అని నాలుగేళ్ల తర్వాత కూడా గట్టిగా చెబుతాను. కాకపోతే అది దేన్ని కొలుస్తుందో తెలుసుకోకుండా వాడితే ధీమాగా తప్పు చెబుతుంది.

ఎర్రటి లేజర్ చుక్క ఏమీ కొలవదు, గురి చూపించడానికే ఉంది. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని వదులుతుంటుంది. 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఎరుపు అవతల ఏ రంగూ లేని చోట పెట్టిన థర్మామీటర్ కూడా వేడెక్కడం చూశాడు. గన్ ముందున్న లెన్స్ ఆ కాంతిలో 8 నుంచి 14 మైక్రాన్ల (మీటరులో పదిలక్షో వంతు) తరంగదైర్ఘ్యాల మధ్య ముక్కను సెన్సర్ మీదికి చేరుస్తుంది. దాన్నిబట్టి లోపలి చిప్ డిగ్రీలు లెక్కకడుతుంది.

అసలు చిక్కు ఈ లెక్కలోనే ఉంది. చర్మం, నీళ్లు, చెక్క, (వెండి మెరుపుది తప్ప) ఏ రంగు పెయింటైనా తమ వేడికి తగిన కాంతిలో 90 శాతం పైనే వదులుతాయి. ఈ పాలునే ఎమిసివిటీ అంటారు. గన్‌లు మామూలుగా 0.95 అనుకుని లెక్కవేస్తాయి. మెరిసే స్టీలుకు అది 0.15 దరిదాపుల్లోనే ఉంటుంది. నీళ్లు తెర్లుతున్న స్టీలు గిన్నె పక్కకు గురిపెడితే 100కు బదులు 45 చూపిస్తుంది. అందులో గిన్నె వదిలిన కాంతి కొంచెమే, మిగతాదంతా గదిలోంచి, మన ఒంటి మీంచి వచ్చి గిన్నెలో ప్రతిఫలించింది. కొత్తగా కొన్నవాళ్లు ‘పాడైన పీసు ఇచ్చారు’ అనుకోవచ్చు. 45 చూసి గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలుతుంది కూడా.

దీనికి మందు సులువే. గిన్నె చల్లగా ఉన్నప్పుడే మంటకు దూరంగా ఉండే చోట రెండంగుళాల మాస్కింగ్ టేపు బుడగల్లేకుండా అంటించి, వేడెక్కాక ఆ టేపు మీదే కొలవాలి. 100 దాటితే టేపు జిగురు కరిగి ఊడుతుంది. అంతకన్నా వేడి వస్తువులకు, తినే పదార్థం తగలని చోట, వేడిని తట్టుకునే మెరుపులేని పెయింట్ మచ్చ వేసుకోవడం మేలు. వాడివాడి నల్లబడ్డ ఇనుప పెనానికి ఇవేవీ అక్కర్లేదు, నేరుగా చూపిన అంకెను నమ్మవచ్చు. 130 దగ్గర నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఆవిరైపోతుంది. 200 దాటాక అదే చుక్క పూసలా గుండ్రంగా అయి పెనం మీద పరుగులు తీస్తూ చాలాసేపు నిలుస్తుంది. చుక్క అడుగున పుట్టిన ఆవిరి పొరే దానికి దుప్పటిలా అడ్డుపడుతుంది. 1756లో దీన్ని వివరించిన లైడెన్‌ఫ్రాస్ట్ పేరే ఈ ప్రభావానికి పెట్టారు.

రెండో తప్పు దూరం. పెట్టె మీద 12:1 అని ఉంటే 60 సెంటీమీటర్ల నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పున్న వలయం మొత్తం సగటు వస్తుందని అర్థం. చుక్క పడినచోటు ఒక్కటే కొలుస్తుందనుకోవద్దు. కొలిచే వస్తువు ఆ వలయానికి రెట్టింపు ఉంటే నిశ్చింత. మరీ దగ్గరికి వెళ్తే ఇంకో ఇబ్బంది: లేజర్ లెన్స్‌కు కాస్త పైన ఉంటుంది కాబట్టి అసలు కొలిచే చోటు చుక్కకు కిందుగా పడుతుంది.

ఏసీ గదిలోంచి ఎండలోకి తెచ్చి వెంటనే నొక్కితే అంకెలు తప్పుతాయి. సెన్సర్ తన ఒంటి వేడితో పోల్చుకునే కొలుస్తుంది కాబట్టి 20, 30 నిమిషాలు ఆగాలి. ఆవిరి మీద పెడితే లెన్స్ మసకబారి తక్కువ చూపిస్తుంది. ఆరనిచ్చి దూదిపుల్లతో మెల్లగా తుడిస్తే చాలు. అనుమానం వచ్చినప్పుడు ప్లాస్టిక్ గ్లాసు నిండా చితక్కొట్టిన మంచు వేసి, సందులు నిండేదాకా నీళ్లు పోసి, కలిపి ఐదు నిమిషాలాగి నిటారుగా కొలవండి. సున్నాకు అటూ ఇటూ 2 డిగ్రీల లోపు వస్తే బాగున్నట్టే. ఆ 2 డిగ్రీల వల్లే ఇది జ్వరం చూడటానికి పనికిరాదు. దానికి వేరే థర్మామీటర్లున్నాయి.

కిటికీ అద్దంలోంచి బయటి గోడను కొలవలేరు. మనకు పారదర్శకమైన గాజు ఈ కాంతికి గోడే, అందుకే అద్దం వేడే చూపిస్తుంది. తిరగేసి చూడండి: పల్చటి నల్ల పాలిథిన్ సంచిలో చెయ్యి పెడితే కంటికి కనపడదు గానీ గన్‌కు కనపడుతుంది. ఫ్యాన్ వేశాక గోడ వేడి మారదు. అదే గాలికి ఆరేసిన తడిబట్ట మాత్రం, గది 30 డిగ్రీలుండి గాలిలో తేమ 50 శాతం ఉన్న రోజున, 23 దాకా దిగుతుంది. ఫ్యాన్ గదిని చల్లబరచదు, ఆవిరయ్యే చెమట మనల్ని చల్లబరుస్తుంది.

నాకు ఇప్పటికీ అబ్బురమనిపించేది ఆకాశం. గాలి పొడిగా, మబ్బుల్లేకుండా ఉన్న రాత్రి నేరుగా పైకి పెడితే అంకె సున్నాకు బాగా కిందికి పోతుంది. మబ్బు అడ్డొస్తే పది డిగ్రీలకు పైనే ఎగబాకుతుంది. (పగలు సూర్యుడి వైపు మాత్రం పెట్టకూడదు, సెన్సర్ చెడుతుంది.) ఈ పరారుణ ముక్కకు గాలి పెద్దగా అడ్డురాదు కనుక పైనున్న చలి నేరుగా కనిపిస్తుంది. ఆరుబయట నిలిపిన కారు పైకప్పు ఆ చల్లని ఆకాశానికి వేడిని వదులుతూ, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. అందుకే దాని మీద మంచు పడుతుంది. 1814లో విలియం చార్లెస్ వెల్స్ మంచుబిందువుల మీద రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే. తెల్లవారుజామున పక్కనున్న చెట్టు కిందికి నడిచి కొమ్మల వైపు గన్ ఎత్తితే అంకె దాదాపు గాలి వేడి దగ్గరే ఆగుతుంది. ఆ నీడలో నిలిపిన కారు పొడిగా ఉంటుంది.