విండోస్ కీతో వి: ఆరేళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెబుతున్నాను

కంట్రోల్ సి, కంట్రోల్ వి అందరికీ వచ్చినవే. విండోస్ కీ పట్టుకుని వి నొక్కి చూసినవాళ్లు మాత్రం నాకు తక్కువగా తగిలారు. ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరసగా కళ్ల ముందుకు వస్తాయి. 2018 నుంచీ ఉన్నదే. మొదటిసారి మనమే ఆన్ చేసుకోవాలి కాబట్టి చాలామంది కంట పడలేదు.

తిరుపతి బాలాజీ కాలనీలో మాది చిన్న ఇంటర్నెట్ సెంటర్. పొద్దున్నుంచి రాత్రిదాకా దరఖాస్తులు నింపడమే పని. ఒకే మనిషి పేరు, ఆధార్, చిరునామా మూడేసి ఫారాల్లో ఎక్కించాలి. ఇదివరకు ఒక్కో ముక్కకూ వెనక్కి వెళ్లి కాపీ చేసుకుని వచ్చేవాణ్ణి. ఇప్పుడు అన్నీ ఒకేసారి కాపీ చేసుకుని, కావలసినదాన్ని ఎంచుకుంటూ పోతాను. ఈ సౌకర్యమంటే నాకు ప్రాణం.

పక్కనున్న గుండుసూది బొమ్మ నొక్కితే ఆ ముక్క సిస్టం ఆపినా పోదు. 517501, తిరుపతి జిల్లా, చిత్తూరు జిల్లా - ఈ మూడూ అలా గుచ్చి పెట్టుకున్నాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా, మా దగ్గరికి వచ్చే ఆధార్ కార్డుల్లో ఇంకా పాత జిల్లా పేరు కనిపిస్తూనే ఉంటుంది.

కిందటి వేసవిలో చంద్రగిరి నుంచి ఒక పెద్దాయన మనవరాలి కాలేజీ దరఖాస్తు కోసం వచ్చారు. అక్షరాలు సరిచూసుకుంటారని తెరను వచ్చినవాళ్ల వైపు తిప్పి ఉంచడం నా అలవాటు. విండోస్ కీతో వి నొక్కాను. పైన ఆ అమ్మాయి పేరు. కింద, అరగంట ముందు వెళ్లిపోయిన ఒకావిడ ఆధార్ నంబరు, 12 అంకెలూ. దాని కింద ఆవిడ ఫోన్ నంబరు. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని చదివారు.

"ఇది మాది కాదు కదా, నాయనా?"

"కాదు పెద్దాయనా, ఇందాక వచ్చినవాళ్లది."

"అయితే మాది కూడా తర్వాత వచ్చేవాళ్లకు ఇట్లాగే కనిపిస్తుందా?"

నోట మాట రాలేదు. ఆయన చూస్తుండగానే అన్నీ చెరిపేశాను. అన్నేళ్లలో ఎవరి నంబరు ఎవరి కంట పడిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అప్పటినుంచి ఒకరు కుర్చీలోంచి లేవగానే క్లియర్ ఆల్ నొక్కుతాను. గుచ్చినవి అలాగే ఉంటాయి, మిగతావి పోతాయి. 25 ముక్కలే దాస్తుంది, ఇంకొకటి చేరితే పాతది జారిపోతుంది. ఇంత తక్కువేమిటని ఒకప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు అంత కూడా ఎక్కువే అనిపిస్తోంది. వేరే పరికరాలతో పంచుకునే సదుపాయం ఎప్పుడూ ఆన్ చేయలేదు.

ఇంట్లో ఒక్కరే వాడుకునే కంప్యూటరైతే ఈ రోజే మొదలుపెట్టండి. అయినా పాస్‌వర్డ్ కాపీ చేస్తే అదీ అక్కడ కనిపించవచ్చు, చూసుకుని చెరపండి. నాలాగా పదిమంది వివరాలు చేతిలో పెట్టుకున్నవాళ్లకు మాత్రం, చెరిపే అలవాటు కుదిరాకే. మా దుకాణంలో రెండు సిస్టంలున్నాయి. నేను కూర్చునేదాంట్లో ఆన్‌లో ఉంది. మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్లినప్పుడు మా కుర్రవాడు కూర్చునేదాంట్లో ఆపేసి ఉంచాను.