హన్మకొండా, మిర్యాలగూడా: కనుమరుగైన లోక్‌సభ స్థానాల్లో ముందు దేన్ని చదవాలి?

నియోజకవర్గాల పునర్విభజనతో 2009 ఎన్నికల నాటికి కనుమరుగైన లోక్‌సభ స్థానాల గురించి ఎప్పుడు రాసినా ఇదే ప్రశ్న వస్తోంది: తెలంగాణ రాజకీయాలు ఒంటబట్టాలంటే ముందు దేని చరిత్ర చదవాలి? అసలు పోటీ హన్మకొండకీ మిర్యాలగూడకీ మధ్యే.

ఎక్కువమంది హన్మకొండే అంటారు, 1984 పుణ్యమా అని. 1977, 1980లలో ఇక్కడ గెలిచిన పీవీ నరసింహారావును ఆ ఏడాది బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి ఓడించారు. దేశం మొత్తమ్మీద బీజేపీకి అప్పుడు దక్కినవి రెండే సీట్లు, రెండోది గుజరాత్‌లోని మెహసానా. మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా నిలబడి గెలిచారు కాబట్టి పీవీ లోక్‌సభకు వెళ్లగలిగారు. కథ గొప్పదే, కాదనను. 2004లోనూ, 2008 ఉప ఎన్నికలోనూ టీఆర్ఎస్ తరఫున వినోద్ కుమార్ గెలవడం కూడా తక్కువ విషయం కాదు. కానీ ఈ రెండు ఘట్టాలకూ మధ్య తీగ దొరకదు.

నాకు ఆ తీగే ముఖ్యం. అది మిర్యాలగూడలో దొరుకుతుంది. 1962లో తొలి గెలుపు సీపీఐది. 1967లో కాంగ్రెస్. 1971లో తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు, సీపీఎం నేత భీమిరెడ్డి నర్సింహారెడ్డి. 1977, 1980లలో మళ్లీ కాంగ్రెస్. 1984లో మళ్లీ భీమిరెడ్డి, 1989లో కాంగ్రెస్ నుంచి బద్దం నర్సింహారెడ్డి, 1991లో ఇంకోసారి భీమిరెడ్డి, 1996, 1998లలో బద్దం. (వరసగా ఐదు ఎన్నికల్లో గెలిచింది నర్సింహారెడ్డే! ఇంటిపేరు చూడకుండా చదివితే తికమకే.) పోరాటం ముగిసి నలభై ఏళ్లయినా ఎర్రజెండా, కాంగ్రెస్ ఒకదాన్నొకటి వదల్లేదు.

1984నే రెండుచోట్లా పక్కపక్కన పెట్టి చూడండి. హన్మకొండలో బీజేపీ, మిర్యాలగూడలో సీపీఎం. ఇద్దరూ టీడీపీ మిత్రపక్షాలవాళ్లే, గాలి ఒక్కటే. మిర్యాలగూడలో ఆ గాలి పాత నిప్పునే రాజేసింది. హన్మకొండలో బీజేపీ మళ్లీ గెలవలేదు.

1999లో కాంగ్రెస్ నుంచి జైపాల్ రెడ్డి రావడంతో మిర్యాలగూడ కథ మారింది. 2004లోనూ ఆయనే గెలిచి, స్థానం రద్దయ్యాక కొత్తగా పుట్టిన చేవెళ్లకు వెళ్లారు.

రద్దయిన మరో స్థానం సిద్దిపేట గురించీ అడుగుతున్నారు. అక్కడ జి. వెంకటస్వామి మొదటి మూడు గెలుపుల వరకు చదివితే చాలు. అలాగే రద్దయిన భద్రాచలానిది ఏజెన్సీ (గిరిజన ప్రాంత) రాజకీయం, దాన్ని విడిగా చూడాలి.