పన్నెండు గళ్ల పట్టికా, కాలం చెప్పే మాటా: ఇంగ్లీషుకు ఏది మేలు?

ఇంగ్లీషు క్రియాకాలాలను, వాటి వెంట వచ్చే సిన్స్, ఫర్, బై, అంటిల్ వంటి చిన్న మాటలను సరిగ్గా వాడడం నేర్చుకోవాలనుకునేవారికి హైదరాబాద్‌లో ప్రధానంగా మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల స్పోకెన్ ఇంగ్లీషు తరగతుల్లో బోర్డు మీద గీసి చూపే పన్నెండు గళ్ల పట్టిక: కాలాలు మూడు, ఒక్కో కాలానికి సింపుల్, కంటిన్యూయస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యూయస్ అని నాలుగేసి రూపాలు. రెండోది, చెప్పదలచుకున్న వాక్యంలో కాలాన్ని తెలిపే మాటను ముందు పట్టుకుని, దాన్నిబట్టి క్రియను ఎంచుకోవడం. మూడోది, వ్యాకరణం జోలికే పోకుండా వింటూ, మాట్లాడుతూ అలవాటు చేసుకోవడం. ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునే తెలుగువారికి రెండో దారే మేలని నా అభిప్రాయం. అయితే అది సరిపోని సందర్భాలూ ఉన్నాయి.

పట్టిక వల్ల కలిగే మేలును కాదనలేము. గో, వెంట్, గాన్ అనే మూడు రూపాల్లో హ్యాజ్ పక్కన ఏది రావాలో, హ్యాడ్ బీన్ తర్వాత ఏది రావాలో దానంత తొందరగా మరే పద్ధతీ నేర్పదు. చిక్కంతా ఆ పట్టికలోకి మనం ఎటునుంచి అడుగుపెడుతున్నామన్న దగ్గర ఉంది. ‘-తున్నాను’ అని ఉంటే ‘యామ్’ పెట్టి క్రియకు ‘ఇంగ్’ చేర్చాలని బడిలోనే మనసుకు ఎక్కిపోతుంది. అందువల్ల ‘మూడేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అని మనసులో అనుకున్న మనిషి నేరుగా ప్రెజెంట్ కంటిన్యూయస్ గడిలోకి వెళ్లి, ‘నుంచి’ ఉంది గనుక సిన్స్ తగిలించి, ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అంటాడు. పాపం, అతడు చేసిన అశ్రద్ధ ఏమీ లేదు. నేర్పిన పట్టికను తు.చ. తప్పకుండా పాటించాడు.

ఇదే వాక్యాన్ని రెండో పద్ధతిలో చూద్దాం. క్రియను కాసేపు పక్కన పెట్టి ‘మూడేళ్ల నుంచి’ అన్న ముక్కను రెండు ప్రశ్నలు అడగాలి. అది పని మొదలైన సమయమా, గడిచిన నిడివా? ఆ పని ముగిసిపోయిందా, ఇప్పటికీ నడుస్తోందా? మన ‘నుంచి’ రెండింటికీ సరిపోతుంది. ‘2021 నుంచి’ అన్నా ‘మూడేళ్ల నుంచి’ అన్నా తెలుగుకు తేడా లేదు. ఇంగ్లీషు మాత్రం మొదలైన సమయానికి సిన్స్, నిడివికి ఫర్ కావాలంటుంది. ఇక్కడున్నది నిడివి కనుక ఫర్. పని ఇంకా నడుస్తోంది కనుక ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’. రెండో ప్రశ్నను వదిలేస్తే ఎంత నష్టమో ఇంటర్వ్యూలో తెలుస్తుంది. ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అనగానే ఎదుటివారు మీరు ఆ ఉద్యోగం మానేశారని అర్థం చేసుకుంటారు.

నగరం నుంచే మరో రెండు ఉదాహరణలు. చార్మినార్‌ను కట్టింది 1591లో. ఆ సంవత్సరం ఎప్పుడో ముగిసిపోయింది కాబట్టి ‘వాజ్ బిల్ట్ ఇన్ 1591’ అనాలి తప్ప, ఎంత గొప్పగా వినిపించినా ‘హ్యాజ్ బీన్ బిల్ట్ ఇన్ 1591’ అనడానికి వీల్లేదు. మెట్రో రైలు 2017 నవంబర్‌లో మొదలైంది, నేటికీ నడుస్తోంది. దాని ప్రారంభాన్ని చెప్పేటప్పుడు ‘ది మెట్రో ఓపెన్డ్ ఇన్ నవంబర్ 2017’ అంటాం. ఇప్పటిదాకా సాగుతున్న నడకను చెప్పేటప్పుడు ‘ఇట్ హ్యాజ్ బీన్ రన్నింగ్ సిన్స్ నవంబర్ 2017’ అంటాం. నెల అదే, సంవత్సరమూ అదే. ఇన్ స్థానంలో సిన్స్ రాగానే క్రియ మొత్తం మారిపోయింది. పట్టికలో ఈ రెండు వాక్యాలూ దూరదూరపు గళ్లలో ఉంటాయి గనుక వాటి మధ్య ఉన్న ఈ లంకె విద్యార్థి కంటపడదు.

మన ఆఫీసుల్లో నిత్యం వినిపించే ‘ఐ హ్యాడ్ గాన్ టు బ్యాంక్ యెస్టర్‌డే’ కూడా ఇలాంటిదే. గతం అనగానే హ్యాడ్ పెడితే మర్యాదగా ఉంటుందన్న భ్రమ ఒకటి మనవాళ్లలో పాతుకుపోయింది. యెస్టర్‌డే ఉందంటే ముగిసిన కాలం, సింపుల్ పాస్ట్ చాలు: ‘ఐ వెంట్’. హ్యాడ్‌కు పని పడేది గతంలోనే రెండు ఘటనలు ఉండి, వాటిలో ముందు జరిగినదాన్ని వేరుచేసి చూపవలసి వచ్చినప్పుడు. ‘సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరేసరికి రైలు వెళ్లిపోయింది’ అన్నచోట ఆ ‘చేరేసరికి’ని పట్టుకుంటే ‘బై ద టైమ్ ఐ రీచ్‌డ్, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్’ అన్నది దానంతట అదే వస్తుంది.

తెలుగు ప్రతిచోటా అడ్డుపడుతుందనుకోకూడదు. ‘శుక్రవారం కల్లా పంపిస్తాను’, ‘శుక్రవారం దాకా పంపిస్తాను’ అన్న వాక్యాల మధ్య మనం ఎన్నడూ తికమక పడము. ‘కల్లా’ ఉన్నచోట బై, ‘దాకా’ ఉన్నచోట అంటిల్ పెడితే మాదాపూర్ నుంచి వెళ్లే సగం ఈమెయిళ్లు చక్కబడతాయి. ‘లోపు’ మాత్రం జారుడు మాట. శుక్రవారం అందులో కలుస్తుందో లేదో మనలో మనకే తెలియదు. బై అంటే శుక్రవారం కలుస్తుంది, బిఫోర్ అంటే కలవదు, కాబట్టి గడువు రాసేటప్పుడు ఏది ఉద్దేశమో ముందే తేల్చుకోవాలి.

గంటకు ఎట్, రోజుకు ఆన్, నెలకూ సంవత్సరానికీ ఇన్ అన్నది అందరికీ తెలిసిందే. ‘ఎట్ నైట్’, ‘ఆన్ సండే మార్నింగ్’ వంటివి విడిగా గుర్తుంచుకోవాలి. టుమారో, లాస్ట్ మండే, నెక్స్ట్ వీక్ ముందు ఏమీ పెట్టకూడదు. అంతకంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది ‘అమీర్‌పేటకు చేరగానే ఫోన్ చేస్తాను’ వంటి వాక్యానికి. రెండు పనులూ రేపటివే అయినా, వెన్ పక్కన విల్ రాదు: ‘ఐ విల్ కాల్ యు వెన్ ఐ రీచ్ అమీర్‌పేట్’.

ఇక మూడో దారి. చెవితో నేర్చుకున్న భాష తొణకదు, తడుముకోదు. ఆ హాయి మిగతా రెంటిలో లేదు. కానీ చెవికి ఏది అందుతుందన్నది చూడాలి. ఆఫీసు మీటింగులోనూ, అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలోనూ ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అనే అందరూ అంటున్నప్పుడు వినేవారికి అదే సరైనదిగా స్థిరపడుతుంది. ఊళ్లో దానితో ఎవరికీ ఇబ్బంది లేదు, అర్థం కాకపోవడమన్నదీ లేదు. పరాయి దేశపు క్లయింటుకు రాసినప్పుడో, పరీక్ష రాసినప్పుడో బయటపడుతుంది. కాబట్టి ఈ దారిని ఎంచుకునేవారు ఇంగ్లీషు దినపత్రికను పైకి చదవడం వంటి అలవాటును జతచేసుకోకపోతే చుట్టూ ఉన్న తప్పులనే ధారాళంగా పలకడం నేర్చుకుంటారు.

రెండో దారి ఎక్కడ చాలదో చెబుతానన్నాను. ‘అతను నాకు 2015 నుంచి తెలుసు’ అన్న వాక్యానికి పై ప్రశ్నలు వేసుకుంటే సిన్స్ సరిగ్గానే వస్తుంది గాని, క్రియ దగ్గర ‘ఐ హ్యావ్ బీన్ నోయింగ్’ అనే ప్రమాదం ఉంది. నో, ఓన్, బిలాంగ్ వంటి స్థితిని చెప్పే క్రియలకు మామూలుగా ఇంగ్ చేరదు కాబట్టి అక్కడ ‘ఐ హ్యావ్ నోన్ హిమ్’ అనాలి. ఆ క్రియల జాబితాను పట్టిక నేర్పేవారి దగ్గరే తెచ్చుకోవాలి. ‘ఈ రోజు పొద్దున’ వంటి మాట కూడా మోసం చేస్తుంది. పది గంటలకు మాట్లాడుతుంటే ‘ఐ హ్యావ్ కాల్డ్ హిమ్ ట్వైస్ దిస్ మార్నింగ్’, సాయంత్రమైతే ‘ఐ కాల్డ్’. జస్ట్, ఆల్రెడీ దగ్గర బ్రిటిష్‌వారు పర్ఫెక్ట్ వైపు మొగ్గుతారు, అమెరికన్లు సింపుల్ పాస్ట్‌తోనే సరిపెట్టుకుంటారు. ఏది వాడినా తప్పనరు.

విదేశీ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్ రాసేవారి లెక్క వేరు. అక్కడ రాయడానికీ మాట్లాడడానికీ ఇచ్చే మార్కుల్లో నాలుగో వంతు వ్యాకరణానిది, అందులో తప్పులు లేకపోవడంతోపాటు రూపాల వైవిధ్యాన్నీ చూస్తారు. వారు పట్టికను తప్పించుకోలేరు. అయితే పన్నెండు గళ్లకూ ఒకే శ్రద్ధ పెట్టనక్కరలేదు: ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్‌ను రోజువారీ మాటల్లో ఎవరూ అంతగా వాడరు గనుక దాన్ని చివరికి వదిలి, సింపుల్ పాస్ట్‌కూ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కూ మధ్య ఉన్న తేడా మీద ఎక్కువ సమయం గడపడం, ప్రతి గడిలోనూ క్రియారూపం పక్కనే దానితో వచ్చే కాలపు మాటను కూడా రాసుకోవడం మంచిది.