ఫారెస్ట్ వ్యూ గదికి 2,400, కిటికీలో మట్టిదిబ్బ

ఆన్‌లైన్‌లో ఫోటో చూసి మా ఆవిడే బుక్ చేసింది. కిటికీ నిండా పచ్చటి గుట్ట. మామూలు గది 1,600, 'ఫారెస్ట్ వ్యూ' అయితే 2,400. తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా పలమనేరు హాయిగా చేరాం.

గదిలో కర్టెన్ లాగితే ఎర్రమట్టి. సగం కోసేసిన గుట్ట, కింద రెండు టిప్పర్లు. కిటికీ అద్దం మీద దుమ్ము ఎంతుందంటే మా పాప వేలితో తన పేరు రాసింది. మేనేజర్ని నిలదీస్తే, "ఫోటో రోడ్డు పని మొదలవక ముందుది సార్. గుట్ట సగం ఉంది కదా" అన్నాడు. గంట వాదిస్తే 400 తగ్గించాడు. "ఆ డబ్బు కోసం బీపీ ఎందుకండీ" అని మా ఆవిడ విసుగు.

బామ్మర్ది మాత్రం తెగ సంబరపడ్డాడు. "ఎక్స్‌ప్రెస్‌వే రానీ బావా, చెన్నైకి ఎంతసేపు!" బెంగళూరు–చెన్నై మధ్య దాదాపు 260 కిలోమీటర్లు, 2022 మేలో శంకుస్థాపన చేశారు. రోడ్డు నాకూ కావాలి. కానీ ఈ పక్కనే ఏనుగులుండే కౌండిన్య అభయారణ్యం, 1990లో ప్రకటించింది. ఏనుగుకు అడవి ఎన్ని ఎకరాలుందన్నది ఒక్కటే లెక్క కాదు, తెగకుండా ఉండాలి. తెగితే నేరుగా చెరకు తోటలోకే దిగుతుంది.

"బదులు మొక్కలు నాటుతారుగా" అన్నాడు. నిజమే, అడవి భూమి తీసుకుంటే బదులుగా మొక్కలు పెంచాలని నిబంధన, ఆ డబ్బు కోసం 2016లో చట్టమూ వచ్చింది. 'ఎక్కడ' అన్నదే తిరకాసు. గ్రేట్ నికోబార్ దీవిలో ప్రాజెక్టుకు తీసుకునే సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవికి బదులు మొక్కలు హర్యానాలోనట! దారిలో డివైడర్ మీది గన్నేరు చూపించి "ఇవేనా నీ అడవి?" అంటే వాడు ఫోన్లో తల దూర్చాడు.

ఈ ట్రిప్‌లో డబ్బుకు న్యాయం చేసింది ఒక్క మెస్సే. పాత రోడ్డు పక్కన చింతచెట్టు కింద బెంచీలు. వేడి రాగి సంగటి, నాటుకోడి పులుసు, మనిషికి 220. ముద్ద తుంచితే పులుసు మధ్యలోకి దిగిపోవాలి, దిగింది. అమ్మ రెండో ముద్ద అడిగి వేయించుకుంది, ఆవిడ అడగడం నేనెప్పుడూ చూడలేదు.

చెట్టు మొదలు మీద తెల్ల పెయింట్‌తో 143 అని ఉంది. ఏందని అడిగా. "రోడ్డు వెడల్పు చేస్తారంట సార్, నెంబరేసి పోయినారు. ఈసారి ఫోన్ చేసి రాండి" అంది వడ్డించే అక్క.

పలమనేరు వెళ్లేవాళ్లు గది ముందుగా బుక్ చేస్తే, కిటికీ ఫోటో ఆ రోజుదే వాట్సాప్‌లో పంపమనండి.