వైజాగ్‌లో అద్దె ఇంటి కోసం సర్కారు లెక్కలు తిరగేస్తే

హైదరాబాద్ నుంచి వైజాగ్ మారాల్సి వచ్చినప్పుడు బ్రోకర్‌కి ఫోన్ చేయకముందే ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను, అమ్మకి ఆస్తమా కాబట్టి ఏ పేటలో గాలి బాగుంటుందో ముందే తేల్చేసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదని నా లెక్క. నెల రోజులు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లెక్కలన్నీ తిరగేశాను. ఈ రివ్యూ వాటి మీదే. ఊరి మీద కాదు, ఊరు మాకు నచ్చింది.

ముందు అందరూ చూసేదే చూశాను, ఏ ఊళ్ళో బతకడం ఎంత హాయో ర్యాంకులిచ్చే ఈజ్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్ 2020. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2021 మార్చిలో విడుదల చేసింది. పది లక్షల జనాభా దాటిన 49 నగరాల్లో విశాఖది 15వ ర్యాంకు, మార్కులు 57.28. హైదరాబాద్ 24లో ఉంది. బాగానే ఉందే అనుకుని ఇంట్లో చెబితే, కాకినాడలో ఉండే మా బావ వెంటనే వాట్సాప్‌లో దిగాడు, వాళ్ళ ఊరిది 4వ ర్యాంకట, మీకంటే పదకొండు మెట్లు పైన అని. తీరా చూస్తే అది పది లక్షల లోపు ఊళ్ళ జాబితా, అందులో కాకినాడకి వచ్చిన మార్కులు 56.84. అంటే మాకంటే తక్కువే. ఆ మాట చెప్పినా బావ ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

అసలు తమాషా ఆ మార్కులు ఎలా పడ్డాయో చూస్తే ఉంది. జీవన నాణ్యతకి 35 శాతం, జనం అభిప్రాయానికి 30, సుస్థిరతకి (అంటే పర్యావరణం, విపత్తుల్ని తట్టుకోవడం లాంటివి) 20, ఆర్థిక సామర్థ్యానికి 15. ఆ సుస్థిరత అనే దాంట్లో పుణే తర్వాత దేశంలో రెండో స్థానం ఎవరిదనుకున్నారు, విశాఖదే! జనాన్ని అడిగింది 2020 జనవరి 16 నుంచి మార్చి 20 దాకా. మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు, నిద్రలో ఉన్నవాళ్ళు లేచి రోడ్ల మీద పరుగెత్తి ఎక్కడివాళ్ళక్కడ పడిపోయారు. అభిప్రాయం అడిగే నాటికి అది జరగలేదు, ర్యాంకు బయటికొచ్చే నాటికి పది నెలలు గడిచిపోయాయి. రిపోర్టు తప్పు రాసిందని నేననడం లేదు. ఫ్యాక్టరీ గోడ పక్కన ఇల్లుండటం అంటే ఏంటో కొలిచే గడి అందులో లేదు, అంతే.

ఇదే ఊరికి ఇంకో అంకె కూడా ఉంది. 2011 జనాభా లెక్కల్లో గ్రేటర్ విశాఖలో 44.1 శాతం కుటుంబాలు మురికివాడల్లో ఉన్నాయని తేలింది. పది లక్షలు దాటిన నగరాల్లో అన్నిటికంటే ఎక్కువ, ముంబై కంటే కూడా. 15వ ర్యాంకు ఊరు, 44 శాతం ఊరు రెండూ ఒకటే. ఇల్లు వెతుక్కునేవాడికి ఈ రెండిట్లో ఏదీ పనికిరాదు, ఎందుకంటే మనం ఉండేది ఏదో ఒక వీధిలో, సగటులో కాదు.

ఊళ్ళ శుభ్రతకి కేంద్రం ఇచ్చే ర్యాంకులు, స్వచ్ఛ సర్వేక్షణ్ 2023లో విశాఖది 4వ ర్యాంకు. రోడ్లు శుభ్రంగానే ఉంటాయి, ఒప్పుకుంటాను. ముందుకెళ్దాం.

నిజంగా పనికొచ్చిన వాటిలో మొదటిది సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) వాళ్ళ సమీర్ యాప్. గంట గంటకీ గాలి నాణ్యత చూపిస్తుంది, ఉచితం. కానీ చదవడం తెలియాలి. మన పద్ధతిలో గాలి నాణ్యత సూచీ 100 వరకు 'సంతృప్తికరం', పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి దూరే సన్నటి దుమ్ము) లెక్కలో అది రోజు సగటు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. అంటే పచ్చరంగు కనిపించింది కదా అని ఆస్తమా మనిషి సంబరపడిపోకూడదు. ఇంకోటి, నేను నమ్ముకున్న రీడింగ్ జీవీఎంసీ (నగరపాలక సంస్థ) పేరుతో ఉన్న ఒక్క గాలి కొలిచే స్టేషన్‌ది. వైజాగ్ చూసినవాళ్ళకి తెలుసు, ఇక్కడ ఊరి మధ్యలో కొండలుంటాయి. ఒక పక్క యారాడ కొండ, ఒక పక్క కైలాసగిరి, వెనక సింహాచలం కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లంలో పోర్టు, రిఫైనరీ, పాత ఊరు. పగలు సముద్రం గాలి ఊదేస్తుంది. చలికాలం రాత్రుళ్ళు గాలి కదలదు, పొగా దుమ్మూ ఆ గిన్నెలోనే కూర్చుంటాయి. ఈ సంగతి కొండకి ఇటుపక్క మిషన్ అటుపక్క వాళ్ళకి ఎలా చెబుతుంది?

మాకది జ్ఞానాపురం వైపు ఒక ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు అర్థమైంది. విశాలమైన ఇల్లు, అద్దె తక్కువ, రైల్వే స్టేషన్ దగ్గర. ఆ రోజు యాప్‌లో 70 చిల్లర ఉంది. అమ్మ లోపలికి రాగానే చేసిన పని వంటింటి కిటికీ గట్టు మీద వేలితో రాయడం. వేలు నల్లగా వచ్చింది. ఇంటావిడ ఏమీ దాచలేదు పాపం, "బొగ్గు దుమ్మమ్మా, పోర్టుది, పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ ఇంతే, తెల్లబట్టలు మేడ మీద ఆరేయకండి" అని తనే చెప్పింది. బ్రోకర్ మాత్రం నన్ను పక్కకి పిలిచి "ఏటి సార్, ఫోన్‌లో నంబర్లు చూసి ఎవరైనా ఇల్లు తీసుకుంటారా" అన్నాడు. ఆయన అన్నది ఇంకో ఉద్దేశంతో అయినా మాట మాత్రం నిజమే.

రెండోది వాతావరణ శాఖ వాళ్ళది, నా దృష్టిలో అన్నిటికంటే నిజాయితీ ఉన్న సమాచారం. విశాఖకి వాల్తేరు, ఎయిర్‌పోర్ట్ అని రెండు స్టేషన్లు విడివిడిగా ఇస్తారు, వేసవిలో సముద్రానికి దగ్గరున్న వాల్తేరు చాలా రోజులు రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఊరంతా ఒకటే అని బుకాయించని లెక్క నాకు ఇదొక్కటే దొరికింది. కాకపోతే ఆ చల్లదనంతో పాటు వచ్చే ఉక్కపోత, ఉప్పుగాలి సంగతి మీరే చూసుకోవాలి. చివరికి మేం ఇల్లు తీసుకున్న ఎంవీపీ కాలనీలో దిగిన ఏడాదికే మా ఫ్రిజ్ కాళ్ళు తుప్పు పట్టాయి, ఏసీ బయటి యూనిట్ గురించి అడగొద్దు.

కుళాయి నీళ్ళు ఏ వీధికి ఎంతసేపు వస్తాయో తెలిపే పట్టిక నాకు ఎక్కడా కనబడలేదు. మా వీధిలో గంట, అదీ పొద్దున్నే. పక్కింటివాళ్ళని అడిగితే అర నిమిషంలో చెప్పారు.

కాబట్టి ఎవరైనా వస్తుంటే డిసెంబర్‌లోనో జనవరిలోనో రండి, చీకటి పడ్డాక వెళ్ళి ఇల్లు చూడండి. జూలైలో వానకి కడిగిన ఊరిని చూసి అడ్వాన్స్ కట్టకండి. యాప్‌లో ఆ రోజు అంకె కాకుండా పోయిన చలికాలం అంకెలు వెతకండి. ఇంటివాళ్ళని 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ కిటికీలు నిలిచాయా, నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయి, కరెంటు ఎన్నాళ్ళకి వచ్చింది అని అడగండి, ఇక్కడ ఆ రోజు గురించి అడిగితే ఎవరైనా కుర్చీ వేసి మరీ చెబుతారు. ఒక తెల్ల రుమాలు కూడా జేబులో పెట్టుకెళ్ళండి.